గ్రంథాన్ని చుట్టిన నూలుపట్టీ

‘గ్రంథ’ శబ్దానికి మూలమైన ధాతువుకు కూర్చడం, ముడివేయడం అని అర్థం. పుస్తకమనే అర్థం తరువాత వచ్చి చేరినది. తాటియాకులను వరుసగా పేర్చి, రంధ్రంగుండా త్రాడు దూర్చి, పైనా క్రిందా చెక్కలుంచి బిగించి కట్టితేనే అది గ్రంథం. త్రాడు విప్పి పారవేస్తే మిగిలేది ఆకుల కుప్ప. ‘సూత్రం’ అంటే దారం. ‘తంత్రం’ అన్న మాటకు మగ్గమనీ, దానిపై సాగదీసిన పడుగనీ తొలి అర్థాలు. మన శాస్త్రాలు తమ పేర్లను రాజుల కొలువునుండి గాక నేతగాని ఇంటినుండి తెచ్చుకున్నాయి. ఋగ్వేదం పదవ మండలంలోని 130వ సూక్తాన్ని చూడండి. అక్కడ యజ్ఞమే ఒక వస్త్రం. పితృదేవతలు దానిని నేస్తారు. సామాలు నాడెలవుతాయి.

నేతకు ఇంతటి గౌరవమిచ్చిన మనం, నేసిన వాటిలో అన్నిటికంటె చిన్నదైన పట్టీని మాత్రం పట్టించుకోము. రెండు వ్రేళ్ళ వెడల్పు, నాలుగు మూరల పొడవు. పుస్తకం మూటకు నాడా, దేవుని వస్త్రానికి అంచు, నడుముకు కట్టు. పట్టుచీరల చరిత్ర వ్రాసినవారు ఎందరో ఉన్నారు. నాడా చరిత్ర ఎవరికి కావాలి? అయితే ఐరోపాలోనూ బర్మాలోనూ భక్తులు ఒకప్పుడు తమ శ్రద్ధనంతా ఈ సన్నని పట్టీలోనే పోశారు. ఆ విద్య ఎలా వర్ధిల్లింది, ఎలా మరుగునపడింది, మరల ఎవరు ఎలా నేర్చుకున్నారు అన్న వృత్తాంతం, గురుముఖతః వేదం నేర్చుకున్న నాబోటివానికి ఎంతో ఆత్మీయంగా తోచింది. మీకూ అలాగే తోచగలదని ఈ ఆదివారం మీ ముందుంచుతున్నాను.

మగ్గం లేని నేత

ఈ పట్టీలను నేయడానికి గుంటమగ్గం అక్కరలేదు. అరచేతిలో ఇమిడే చతురస్రాకారపు పలకలు కొన్ని చాలు. చెక్కవి, ఎముకవి, తోలువి, దళసరి అట్టవి, ఏవైనా సరే. ఒక్కొక్క పలకకు నాలుగు మూలలా నాలుగు రంధ్రాలు. ఒక్కొక్క రంధ్రంలో ఒక్కొక్క పడుగు పోగు. పలకలన్నిటినీ పేకముక్కల కట్టవలె దగ్గరగా చేర్చి పట్టుకొని పోగులను సాగదీస్తే, పై రంధ్రాల పోగులు పైకి, క్రింది రంధ్రాల పోగులు క్రిందికి నిలిచి, నడుమ ఒక సందు తెరచుకుంటుంది. ఆ సందులోనుండి పేక పోగును పంపాలి. కట్టనంతటినీ పావు చుట్టు త్రిప్పితే పోగులు స్థానాలు మారి కొత్త సందు తెరచుకుంటుంది. మరల పేక. మరల పావు చుట్టు.

పని ఇంతే. అయితే ఇందులో ఒక రహస్యమున్నది. సాధారణమైన బట్టలో పడుగు పోగు తిన్నగా పోతుంది. ఇక్కడ మాత్రం పలక తిరిగినకొద్దీ దాని నాలుగు పోగులూ ఒకదానినొకటి పెనవేసుకొని సన్నని త్రాడవుతాయి. పక్కపక్కనే ఉన్న ఆ త్రాళ్ళనన్నిటినీ పేక పోగు గ్రుచ్చినట్లు కలుపుతుంది. అంటే ఈ పట్టీ సగం బట్ట, సగం త్రాడు. అందుకే దానికంత గట్టితనం. కత్తికి ఒర కట్టుకోవడానికీ, పుస్తకం బిగించడానికీ, బరువైన వస్త్రానికి అంచు వేయడానికీ దీనినే కోరుకున్నారు.

ఇది ఎంత పాతదో చెప్పడానికి ఒక్క సాక్ష్యం చాలు. జర్మనీలో స్టుట్‌గార్ట్ సమీపాన హోక్‌డార్ఫ్ అనేచోట 1978, 1979 సంవత్సరాలలో త్రవ్విన ఒక ప్రభువు సమాధిలో పలకలతో నేసిన పట్టీలు దొరికాయి. ఆ సమాధి క్రీస్తుకు పూర్వం ఆరవ శతాబ్దం నాటిది. ఇక మధ్యయుగానికి వస్తే, నార్వేలోని ఓసెబెర్గ్‌లో 1904లో ఒక మట్టిదిబ్బను త్రవ్వగా క్రీ.శ. 834లో పూడ్చిన ఓడ బయటపడింది. అందులో ఇద్దరు స్త్రీల అవశేషాలున్నాయి. వారి సామగ్రిలో 52 పలకలు, దారాలు ఎక్కించి ఉన్నవి ఉన్నట్లుగానే దొరికాయి. పట్టీ సగం నేసి ఉన్నది. పరలోకంలో పూర్తి చేసుకొంటారని పెట్టారో, ఆమె చేతిలోని పని ఆమెకే చెందాలని పెట్టారో! పదకొండు వందల ఏళ్ళు ఆ పని ఆగిన చోటనే ఆగి ఉన్నది.

దైవానికి ఇచ్చిన అంచు

ఇంగ్లండుకు ఉత్తరాన డరమ్ అనే పట్టణమున్నది. అక్కడి పెద్ద దేవాలయంలో కథ్‌బర్ట్ అనే సాధువు సమాధి ఉన్నది. ఆయన 687లో దేహం చాలించాడు. 1827లో ఆ సమాధిని తెరచినప్పుడు అందులో కొన్ని వస్త్రాలు కనిపించాయి. అందులో ఒకటి వారి అర్చకులు పూజావేళ మెడమీదుగా వేసుకొనే సన్నని పట్టీ. బంగారు రేకును సన్నగా చీల్చి పట్టుదారానికి చుట్టి చేసిన జరీతో దానిపై ప్రవక్తల మూర్తులను కుట్టారు. ఇరుప్రక్కలా అంచుగా పలకలతో నేసిన పట్టీని జోడించారు. ఎల్ఫ్లెడ్ అనే రాణి దీనిని చేయించిందనీ, ఫ్రిథెస్టాన్ అనే మతాచార్యుని కోసం చేయించిందనీ దానిమీదనే లాటిన్ అక్షరాలు కుట్టి ఉన్నాయి. ఆయన 909లో వించెస్టర్‌కు ఆచార్యుడైనాడు. కాబట్టి ఆ వస్త్రం వయస్సు వేయి సంవత్సరాలు దాటింది. చేయించిన రాణి పేరున్నది, పుచ్చుకున్న ఆచార్యుని పేరున్నది. పలకలు త్రిప్పిన చేతుల పేరు మాత్రం లేదు. మన ఆలయ శాసనాలలోనూ అంతే గదా. మండపం కట్టించిన మండలేశ్వరుని పేరుంటుంది. రాయి చెక్కినవాని పేరు అరుదు.

మధ్యయుగపు ఐరోపా చిత్రకారులు ఏసుక్రీస్తు తల్లి అయిన మరియమ్మను, ఆమె కన్యగా ఉన్న రోజులలో, పలకలతో పట్టీ నేస్తున్నట్లు కొన్ని పుస్తక చిత్రాలలో వేశారు. తమ దేవతామాతకు తగిన పని ఏది అని ఆలోచించి వారు దీనిని ఎంచుకున్నారు. ఆ పనికి అప్పుడున్న మర్యాద దీనినిబట్టి ఊహించుకోండి.

నేర్పే పద్ధతి ఎలా ఉండేది? లండను నగరంలో పదిహేనవ శతాబ్దంలో పట్టుదారంతో రిబ్బన్లు, నాడాలు, నడికట్లు చేసే స్త్రీలు ఉండేవారు. ఇతర వృత్తులవారికి ఉన్నట్లు వారికి సంఘం లేదు. కాని శిష్యరికం ఉన్నది. దూరపు జిల్లాలనుండి ఆడపిల్లలను పత్రం వ్రాసుకొని చేర్చుకొనేవారు. సాధారణంగా ఏడేళ్ళ శిష్యరికం. ఇటలీనుండి వచ్చే తయారు సరుకు తమ కడుపు కొడుతున్నదని ఈ స్త్రీలు మొరపెట్టుకోగా, 1455లో ఇంగ్లండు పార్లమెంటు అయిదు సంవత్సరాలపాటు అటువంటి సరుకు దిగుమతిని నిషేధించింది. చేనేతకూ బయటి సరుకుకూ తగవు నిన్న మొన్నటిది కాదు!

ఆ శతాబ్దంలోనే ఎవరో ఒకరు, నాడాలు అల్లే విధానాన్ని ఇంగ్లీషులో వ్రాసిపెట్టారు. ఆ వ్రాతప్రతి బ్రిటిష్ లైబ్రరీలో హార్లీ సంపుటాలలో 2320వ సంఖ్యతో ఉన్నది. ఇది పలకల నేత కాదు, దానికి తోబుట్టువు వంటిది. దారాలను ఉచ్చులుగా చేసి రెండు చేతుల వ్రేళ్ళకూ తగిలించుకొని, ఒక వ్రేలి ఉచ్చును మరొక వ్రేలికి మార్చుతూ అల్లడం. ఆ వ్రాతగాడు ముందుగా బొటనవ్రేలి ప్రక్కనున్న వ్రేలిని ఏ అనీ, తరువాతి వాటిని బి, సి, డి అనీ పేర్లు పెట్టుకున్నాడు. ఆపై పాఠమంతా ఆ అక్షరాలలోనే. ఏ వ్రేలు, ఏ ఉచ్చును, పైనుండి తీసుకోవాలా క్రిందినుండి తీసుకోవాలా అన్నది మాత్రమే. ఇది చదివినప్పుడు నాకు సామగానం గుర్తుకు వచ్చింది. సామగులు బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్ళ కణుపులకు తాకిస్తూ స్వరస్థానాలు చూపుతారు. నారదీయ శిక్ష దీనిని గాత్రవీణ అన్నది. కంఠం మరచినా వ్రేలు మరువదని పెద్దల నమ్మకం.

తెగిన పోగు

ఇంత విద్య ఏమైనది? యంత్రాలు వచ్చాయి. రిబ్బను గజాల లెక్కన అంగళ్ళలోకి దిగింది. ఐస్‌లాండు వంటి మారుమూలలలో కొన్ని ఇళ్ళలో పలకల నేత మిగిలి ఉన్నా, ఐరోపా పండితులకు మాత్రం దాని ఊసే లేకపోయింది. వస్తుప్రదర్శనశాలలలో పాత పట్టీలున్నాయి. వాటిని ఎలా నేశారో చెప్పగలవారు లేరు.

ఐస్‌లాండు జానపద కథలను జర్మన్ భాషలోకి తెచ్చిన మార్గరెటె లేమన్-ఫిల్హెస్ అనే విదుషి ఈ ముడిని విప్పింది. ఐస్‌లాండు భాషలో ‘పలకల నేత’ అనే అర్థమిచ్చే ఒక మాట ఆమెకు తటస్థపడింది. మాట ఉన్నది, మరి పని ఏది అని ఆమె వెదికింది. తానే పలకలు పట్టుకొని నేసి చూసి, 1901లో బెర్లిన్‌లో ఒక పుస్తకం ప్రకటించింది. ఓసెబెర్గ్ ఓడ బయటపడినది ఆ తరువాత మూడేళ్ళకు. ఆ పుస్తకమే రాకపోయి ఉంటే ఆ 52 చెక్కముక్కలను ఏమనుకొనేవారో! తరువాత పీటర్ కాలింగ్‌వుడ్ అనే ఆంగ్లేయుడు, వైద్యవిద్య చదివి నేతలో స్థిరపడినవాడు, దేశదేశాల పద్ధతులను సేకరించి 1982లో బృహద్గ్రంథం వెలువరించాడు. నేడు నేర్చుకొనేవారికి అది ఆకరగ్రంథం.

మనకూ ఇటువంటి తెగిన పోగు ఒకటున్నది. తిరుమలలో శ్రావణమాసంలో మూడురోజులు జరిగే పవిత్రోత్సవం మీకు తెలిసినదే. ఏడాది పొడుగునా పూజాదికాలలో తెలిసీ తెలియక దొర్లిన లోపాల పరిహారానికై నూలుపోగులతో చేసిన పవిత్రాలను స్వామికి సమర్పిస్తారు. పదిహేనవ శతాబ్దంలో ఈ ఉత్సవం జరిగినట్లు శాసనాధారమున్నది. నడుమ ఆగిపోయింది. మరల 1962లో పునరుద్ధరించారు. శాసనమూ ఆగమమూ మిగిలి ఉన్నందువల్ల అది సాధ్యమైనది. రెండింటిలో ఒక్కటీ లేని విద్యలకు ఆ అదృష్టం లేదు.

బర్మావారి పుస్తకపు నాడా

ఇక బర్మాకు వద్దాము. అక్కడ బౌద్ధ భక్తులు తాళపత్రాలపై త్రిపిటక భాగాలు వ్రాయించి ఆరామాలకు దానం చేసేవారు. ఆ పుస్తకాన్ని వస్త్రంలో చుట్టి, పైన ఒక పొడవైన నూలుపట్టీతో బిగించి కట్టేవారు. దాని పేరు సాజీజో, అంటే పుస్తకం కట్టే త్రాడు. ఇదీ పలకలతో నేసినదే. విశేషమేమంటే, ఆ పట్టీలో అక్షరాలుంటాయి. కుట్టినవి కావు, అద్దినవి కావు, నేతలోనే పుట్టినవి. దానం చేసిన దంపతుల పేర్లు, వారి ఊరు, వారు చేసిన పుణ్యకార్యాలు, తమకు నిర్వాణం కలగాలన్న కోరిక, ఆ పుణ్యంలో సమస్త ప్రాణులకూ భాగమిస్తున్నామన్న మాట. నడుమ నడుమ స్తూపం, ఏనుగు, హంస. ఎన్నో పట్టీలలో ఈ వాక్యాలన్నీ పద్యాలే.

ఒక్క అక్షరం నేయడమంటే ఏమిటో ఆలోచించండి. మామూలు పట్టీకి కట్టనంతటినీ ఒక్కసారిగా త్రిప్పితే చాలు. అక్షరం కావాలంటే ప్రతి పేక పోగుకూ ఏ పలక ముందుకు, ఏ పలక వెనుకకు అని విడివిడిగా నిర్ణయించుకోవాలి. గుండ్రని బర్మా లిపిలో ఒక పద్యం పూర్తయ్యేసరికి ఎన్ని వందల నిర్ణయాలో! ఆ నేసిన ఆమె లేక అతడు ఆ ప్రార్థనను ఎంత నెమ్మదిగా ‘చదివి’ ఉంటారో కూడా ఊహించండి. మన ఇళ్ళలో రామకోటి వ్రాసేవారికి ఈ నెమ్మది అర్థమవుతుంది.

అచ్చుపుస్తకాలు వచ్చాక తాళపత్రాలు తగ్గాయి, వాటితోపాటు ఈ నాడాలూ. ఇరవయ్యవ శతాబ్దంలో ఆ నేత అంతరించింది. మిగిలినవాటిని గురించి ర్యాల్ఫ్ ఐజాక్స్ అనే పరిశోధకుడు 2014లో ఒక పుస్తకం వెలువరించాడు. నన్ను బాధించే సంగతి ఒకటున్నది. ఇప్పుడు సేకరణలలో ఉన్న పట్టీలలో పెక్కు తమ పుస్తకాలనుండి విడిపోయినవే. నాడా ఒక దేశంలో, పుస్తకం ఒక దేశంలో.

ఈ మాట మన ఇళ్ళకూ వర్తిస్తుంది. తాతలనాటి తాళపత్రాలను గ్రంథాలయానికి ఇవ్వాలన్న సద్బుద్ధి కొందరికి కలుగుతున్నది. ఇచ్చేముందు శుభ్రం చేద్దామని, మాసిన గుడ్డనూ పాత త్రాడునూ తీసి పారవేయడం నేను కళ్ళారా చూశాను. దయచేసి అలా చేయకండి. ఆ త్రాడు ఎవరి చేతులలో తయారైనదో, ఏ ముడి వేశారో, అదీ గ్రంథంలో భాగమే. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి సీమలనుండి ఎన్నో కుటుంబాలు పొట్ట చేతబట్టుకొని రంగూనుకు వెళ్ళి, 1942లో యుద్ధకాలంలోనూ, 1960ల తరువాతనూ తిరిగి వచ్చాయి. అటువంటి ఇళ్ళలో పాత పెట్టె అడుగున గుండ్రని అక్షరాలున్న నూలుపట్టీ ఏదైనా కనిపిస్తే, అది పిల్లవాని లాగు నాడా కాదని గుర్తించండి.

జటా, జందెమూ

ఇంగ్లండులో చదువుకుంటున్న మా మనవరాలు అక్కడ ఈ నేత నేర్చుకున్నది. సెలవులకు వచ్చినప్పుడు పన్నెండు అట్టముక్కలను కిటికీ ఊచకు కట్టుకొని కూర్చున్నది. ప్రక్కనే పడక కుర్చీలో కూర్చొని నేను లెక్క వింటున్నాను.

“తాతయ్యా, ఎప్పుడూ ముందుకే త్రిప్పితే అవతల దారాలు పురి ఎక్కి బిగుసుకుంటాయి. అందుకే నాలుగు ముందుకు, నాలుగు వెనక్కు” అన్నది.

“ఇది మా జట గదమ్మా!” అన్నాను.

వేదాన్ని కంఠస్థం చేసే పద్ధతులలో జటాపాఠమొకటి. రెండు పదాలను వరుసగా పలికి, వెనుకకు త్రిప్పి పలికి, మరల వరుసగా పలుకుతాము. జట అంటే జడ. ఇలా ముందుకూ వెనుకకూ పెనవేయడంవల్ల ఒక్క స్వరం జారినా వెంటనే పట్టుబడుతుంది. పలకల నేతలోనూ అంతే. ఒక్క పలక తిరగకుండా నిలిచిపోతే రెండు మూడు వరుసలకే పట్టీమీద గీత పడి చెప్పేస్తుంది. విప్పాలంటే వచ్చిన దారినే వెనుకకు పోవాలి. మధ్యలో దూకడం కుదరదు. అంతమాత్రాన ఆ నేత వేదంనుండి పుట్టినదని నేననను. ప్రతి విద్యకూ మనమే పుట్టినిల్లని చెప్పుకొనే ధోరణి నాకు రుచించదు. మనుష్యులు ఎక్కడివారైనా, ముఖ్యమైనదానిని మరచిపోకుండా ఉండటానికి పెనవేసే ఉపాయాన్నే పట్టుకున్నారని మాత్రం అంటాను.

ఇక మనదే అయిన విద్య జందెం. నాలుగు వ్రేళ్ళ చుట్టూ 96 మారులు చుట్టిన నూలుపోగును మూడు పేటలు చేసి ఒక దిక్కుగా పురి పెట్టాలి. దానిని మరల మూడు పేటలు చేసి ఎదురు దిక్కుగా పురి పెట్టాలి. మొదటిది ఊర్ధ్వవృతం, రెండవది అధోవృతం. తొమ్మిది తంతువులకూ తొమ్మిదిమంది దేవతలు. చివర బ్రహ్మగ్రంథి. రెండు పురులూ ఒకే దిక్కుగా ఉంటే త్రాడు నిలవదు, విడిపోతుంది. శాస్త్రం చెప్పినదీ వడికేవాని అనుభవమూ ఇక్కడ ఒక్కటే. ఓసెబెర్గ్ స్త్రీకీ, లండను శిష్యురాలికీ ఈ సంగతి వ్రేళ్ళకు తెలుసు. మరి ఈనాడు మనలో తకిలిపై నూలు వడికి స్వయంగా జందెం చేయగలవారెందరు? మిల్లు నూలుతో చేసి పసుపు రాసినది అంగడిలో దొరుకుతున్నది. ఉపాకర్మనాడు నా దగ్గరకు వచ్చే యువకులను అడుగుతుంటాను. తొమ్మిది పోగులని చెప్పగలరు. పురి ఏ దిక్కుగా అని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. చేతితో చేయగలిగిన వృద్ధులు ఇంకా కొందరున్నారు. వారి ప్రక్కన నాలుగు రోజులు కూర్చుంటే వచ్చే విద్య ఇది. వారు వెళ్ళిపోయాక, జర్మనీ విదుషి పడినంత శ్రమ పడవలసి వస్తుంది.

మీరూ నేయవచ్చు

పట్టీ నేత నేర్చుకోదలచినవారికి సామగ్రి ఇంట్లోనే ఉన్నది. పాత పేకముక్కలు పన్నెండింటిని చతురస్రంగా కత్తిరించి, మూలలు కొద్దిగా గుండ్రం చేయండి. నాలుగు మూలలా కాగితం రంధ్రాలు చేసే పరికరంతో రంధ్రాలు వేసి, వాటికి ఒకటినుండి నాలుగు వరకు అంకెలు వ్రాయండి. ఒకటి, రెండు రంధ్రాలలో ఎర్ర దారం. మూడు, నాలుగు రంధ్రాలలో తెల్ల దారం. పోగు పొడవు నాలుగు మూరలుండాలి. మొదటి పలకకు కుడివైపునుండి దారం ఎక్కిస్తే రెండవదానికి ఎడమవైపునుండి, మూడవదానికి మరల కుడినుండి. ఇలా మార్చి మార్చి ఎక్కించకపోతే పట్టీ చుట్టలు చుట్టుకుంటుంది. దారాలన్నిటినీ ఒక కొసను ముడివేసి కిటికీ ఊచకు కట్టి, రెండవ కొసను నడుముకు కట్టుకున్న తువ్వాలుకు బిగించుకోండి. వెనుకకు వాలితే పోగులు బిగుస్తాయి, ముందుకు వంగితే సడలుతాయి. మీ నడుమే మీ మగ్గం.

పలకలన్నీ ఒకే అంకె వరుసలో ఉంటే పట్టీపై ఎర్రవీ తెల్లవీ అడ్డచారలు వస్తాయి. ఒక్కొక్క పలకనూ ప్రక్కదానికంటె పావు చుట్టు ముందుకు త్రిప్పి ఉంచితే ఏటవాలు గీతలు వస్తాయి. ఎనిమిది ముందుకు, ఎనిమిది వెనుకకు త్రిప్పితే ఆ గీతలు మళ్ళి మెలికల ముగ్గవుతాయి. పేక పోగు పంపిన ప్రతిసారీ చెక్క స్కేలుతో సందులో గట్టిగా తట్టండి. పేక పోగును మరీ లాగితే నడుము సన్నమవుతుంది, వదులుగా వదిలితే అంచున ఉచ్చులు వేలాడతాయి. మొదటి జానెడు ఎవరికైనా వంకరగానే వస్తుంది. దానిని కోసివేయకండి, తరువాతి భాగంతో పోల్చుకోవడానికి పనికివస్తుంది.

పూజామందిరంలోని భాగవతానికో, నిత్యపారాయణ రామాయణానికో కట్టదలచుకుంటే రెండు గజాల పట్టీ సరిపోతుంది. దారాన్ని ముందుగానే ఉప్పునీటిలో ఒక పూట నానబెట్టి చూడండి. ఎరుపు దిగే దారమైతే వానాకాలంలో చెమ్మకు పుస్తకం అట్టమీద మరకలు పడతాయి.